మీరు తినేసి రండి, నేను కూర్చుంటాను

ఆకలి గురించి సభలు పెట్టేవాళ్ళకి ఒక గట్టి నమ్మకం ఉంటుంది. అన్నం వండి పెడితే ఆకలిగా ఉన్నవాళ్ళు వచ్చి తింటారని. లిఫ్టమ్మ కూడా ఆ నమ్మకంతోనే మొదలుపెట్టింది. మొదటి వారమంతా వండిన అన్నం వండినట్టే మిగిలింది.

లిఫ్టమ్మకి అసలు పేరు ఉంది కానీ అది జీతాల పట్టీ దాటి బయటికి రాలేదు. పెద్దాస్పత్రిలో లిఫ్టు నడుపుతుంది. పాతకాలపు లిఫ్టు. ఇనప కటకటాల తలుపు, అంచులు అరిగిపోయిన మీటలు, మూలన ఎత్తు స్టూలు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. అంతస్తులకి అంకెలున్నా వాటితో ఆవిడకి పనిలేదు. "ఎముకలవాళ్ళు దిగండి! గుండెకాయలవాళ్ళు లోపలే ఉండండి, ఇంకా పైకి పోవాలి!" అని కేకేస్తుంది. కొత్తగా వచ్చిన డాక్టర్లు ఉలిక్కిపడతారు, పాతవాళ్ళు చెప్పినచోట దిగుతారు.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. "నువ్వు లిఫ్టు నడుపుతావు, నేను బస్సు నడుపుతాను, ఇద్దరం కలిసి ఇల్లొక్కటే నడపలేకపోతున్నాం" అన్నది ఆయన చాలాకాలంగా వాడుతున్న ఛలోక్తి. ఆవిడ నవ్వడం మానేసి చాలాకాలమైనా ఆయన మానలేదు.

ఒక మధ్యాహ్నం కడుపు జబ్బుల వార్డు దగ్గర ఒకామె తిన్న పళ్ళెం పట్టుకుని లిఫ్టెక్కింది. పళ్ళెం కడుక్కోవడానికి కుళాయి ఆ అంతస్తులోనే ఉంది. కిందికెందుకమ్మా అని లిఫ్టమ్మ అడగబోయింది. ఈలోగా ఆమె గోడవైపు తిరిగింది. రోగి వదిలేసిన మెతుకుల్ని వేళ్ళతో దగ్గరికి లాగి, గబగబా నోట్లో వేసుకుని, లిఫ్టు కింద ఆగేలోపు మూతి తుడుచుకుంది. తలుపు తీశాక దిగలేదు. "మళ్ళీ పైకే" అంది.

ఆస్పత్రి రోగికి భోజనం పెడుతుంది. రోగికి తోడుగా వచ్చిన భార్యకో, తల్లికో, అన్నకో పెట్టదు. నియమాల ప్రకారం వాళ్ళక్కడ లేరు. మంచాల కింద పడుకుంటారు, మందులు తెస్తారు, రోగిని ఒత్తిగిలిస్తారు, డాక్టరు తిడితే పడతారు, అయినా లేరు. ఆ మధ్యాహ్నం తర్వాత లిఫ్టమ్మ కళ్ళకి లిఫ్టెక్కే పళ్ళేలన్నీ కనబడడం మొదలుపెట్టాయి. గోడవైపు తిరిగే వీపులు చాలానే ఉన్నాయి.

లిఫ్టమ్మ ఆడపడుచు విద్యార్థుల హాస్టల్లో వంటచేసి మానేసిన మనిషి. పెద్ద గిన్నెలన్నా, పెద్ద మాటలన్నా ఆమెకి లెక్కలేదు. ఆస్పత్రి గేటుకెదురుగా మూతబడిన సైకిల్ షాపు రేకుల షెడ్డు దొరికింది. వదినామరదళ్ళు అందులో పొయ్యి పెట్టారు. బియ్యం, కూరగాయలు మార్కెట్లో తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్నారు. లిఫ్టమ్మ అంతస్తు అంతస్తుకీ దండోరా వేసింది. "కింద వేడివేడి భోజనం ఉంది, ఊరికే పెడుతున్నాం, రండి!"

అందరూ తలూపారు. ఎవరూ రాలేదు.

"వదినా, ఆకలిగా ఉన్నవాళ్ళకి పల్లకీ కూడా పంపాలా?" అంది ఆడపడుచు, గిన్నె మీద మూత ధడాలున పెట్టి.

అన్నమే పైకి మోసుకుపోదామని లిఫ్టమ్మ ఒకరోజు ప్రయత్నించింది. వార్డు నర్సు గుమ్మంలోనే ఆపేసింది. నర్సుది న్యాయమే. ఒంట్లో గొట్టాలున్న మనుషుల మధ్య కూర గిన్నెలు తిప్పుతానంటే ఎవరు ఊరుకుంటారు? ఇంకొకరైతే జనానికి కృతజ్ఞత లేదని నిట్టూర్చి, షెడ్డు తాళం వేసి, జీవితమంతా ఆ కథ చెప్పుకుంటూ బతికేసేవారు. లిఫ్టమ్మ వెళ్ళి, పళ్ళెం పట్టుకుని లిఫ్టెక్కిన ఆ మొదటి మనిషినే అడిగింది.

"ఏమ్మా, మా వంట నచ్చదా?"

"అయ్యో, అదేం మాటండీ. డాక్టరొస్తే?"

"పొద్దున వచ్చి వెళ్ళాడుగా."

"మళ్ళీ రాడని ఏముంది? నేను లేనప్పుడే వస్తాడు. ఏదో చెబుతాడు, ఈయన సగం విని సగం మరిచిపోతాడు. పోనీ డాక్టరు రాలేదే అనుకోండి, ఈయనే లేచి నేను కనబడకపోతే గొట్టాలు పీక్కుని బయల్దేరతాడు."

లిఫ్టమ్మకి అప్పుడు అర్థమైంది. ఈ మనుషులకి లేనిది అన్నమొక్కటే కాదు, లేచి వెళ్ళే వీలు కూడా. తన డ్యూటీ అప్పుడే అయిపోయింది. మంచం పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీరు తినేసి రండి, నేను కూర్చుంటాను."

ఆమె నమ్మలేనట్టు చూసి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మొగుణ్ణి ఒకసారి చూసి, అప్పుడు పరుగులాంటి నడకతో వెళ్ళింది. అన్నట్టుగానే డాక్టరు రానే వచ్చాడు. నోరు తెరవబోతుంటే లిఫ్టమ్మ చెయ్యి అడ్డంపెట్టి, "ఆ మాట నాకు చెప్పొద్దండీ, చెప్పించుకోవలసిన మనిషిని పిలుచుకొస్తా, ఒక్క నిమిషం" అంది. లిఫ్టు నడిపే మనిషి డాక్టర్ని నిలబెట్టిన సంగతి సాయంత్రానికి ఆస్పత్రంతా తెలిసింది. మర్నాడు షెడ్డు దగ్గర ఆడపడుచుకి గరిటె కిందపెట్టే తీరిక లేకపోయింది.

అలా ఆ షెడ్డులో మొదలైన ఈ సంస్థకి అసలు పని దొరికింది. పేరూ దొరికింది: 'కాసేపు'. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా కళ్ళజోడు మీదుగా చూసి, "అన్నపూర్ణ, అక్షయం, ఆపద్బంధు, ఎన్ని మంచి పేర్లున్నాయమ్మా! కాసేపు ఏంటి?" అన్నాడట. "మేం చేసేది అంతేనండీ, కాసేపు కూర్చుంటాం" అంది లిఫ్టమ్మ.

కూర్చునేవాళ్ళు దొరకడమే కష్టమైంది. సేవ చేస్తామని వచ్చినవాళ్ళంతా గరిటె అడుగుతారు. వడ్డించడంలో ఫోటో ఉంది, కూర్చోవడంలో లేదు. పైగా కూర్చోవడమంటే ముక్కూమొహం తెలియని మనిషి మూలుగు వింటూ, చెయ్యగలిగిందేమీ లేకుండా, ఊరికే ఉండడం. ఉత్సాహవంతులకి అంత నరకం ఇంకోటి లేదు. చివరికి నిలబడినవాళ్ళు వేరే రకం. షిఫ్టుల మధ్య ఖాళీ ఉన్న బస్సు డ్రైవర్లు (మొగుడు పట్టుకొచ్చినవాళ్ళు), పక్కవీధి దర్జీ, ఒకప్పుడు ఇవే మంచాల పక్కన ఆకలితో కూర్చుని వెళ్ళిన మనుషులు, ఇంకా మాస్టారు. ఈయన రిటైరైన బడిపంతులు. మెత్తటి మనిషి. చీమకి కూడా దారిచ్చి నడిచే రకం. వార్డుల్లో అందరూ కోరుకునేది ఆయన్నే.

ఊళ్ళో ఇంకో రెండు ఆస్పత్రులు వీళ్ళని రమ్మన్నాయి. షెడ్డుకి గోడలొచ్చాయి, పక్కన రెండో వంటగది వచ్చింది. ఒక పెద్ద ట్రస్టు నుంచి చక్కటి చొక్కా వేసుకున్న ప్రతినిధి ఒకాయన వచ్చి అంతా తిరిగిచూశాడు. "మీ దగ్గర వండేవాళ్ళకంటే కూర్చునేవాళ్ళే ఎక్కువున్నారే! ఇది ఆకలి సంస్థా, కుర్చీల సంస్థా? వీళ్ళందర్నీ వంటలో పెడితే ఇంకెంతమందికి పెట్టొచ్చో ఆలోచించారా?"

"పెట్టొచ్చండీ. తినడానికి ఎవరొస్తారు?" అంది లిఫ్టమ్మ.

ఆయనకి అర్థం కాలేదు. ఆలోచించి చెబుతానని వెళ్ళిపోయాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. దెబ్బ మాస్టారి రూపంలో వచ్చింది.

కడుపు జబ్బుల వార్డులో ఒక తాపీమేస్త్రీ ఉన్నాడు. ఆపరేషన్ ఆ రోజే. మత్తు ఇస్తారు కాబట్టి గుక్కెడు మంచినీళ్ళు కూడా తాగకూడదు. మంచానికి ఆ సంగతి రాసిన అట్ట కూడా వేలాడుతోంది. మేస్త్రీ భార్యని కిందికి పంపి మాస్టారు పక్కన కూర్చున్నారు. మేస్త్రీ పెదాలు ఎండిపోయి, "మాస్టారూ, నాలిక పిడచకట్టుకుపోతోంది, ఒక్క గుక్క" అని బతిమాలాడు. మాస్టారు అట్ట చూశారు. మేస్త్రీ మొహం చూశారు. ఒక్క గుక్కకి ఏమవుతుందిలే అనుకున్నారు. గ్లాసందుకున్న మేస్త్రీ ఒక్క గుక్కతో ఆగుతాడా? ఖాళీ చేసిచ్చాడు.

మత్తు డాక్టరు వచ్చి అడిగితే మాస్టారు దాచలేదు. ఆపరేషన్ ఆగిపోయింది. కోసే డాక్టరు మర్నాడు సెలవులో వెళ్ళాడు. మేస్త్రీ నొప్పితో మెలికలు తిరుగుతూ ఇంకో వారం ఆ మంచం మీదే ఉండిపోయాడు.

మేస్త్రీ భార్య వార్డంతా వినబడేలా అంది. "మీ అన్నం తినడానికి వెళ్ళానే, అదే నా తప్పు! మీ అన్నమూ వద్దు, మీరూ వద్దు. నా మొగుడి పక్కకి ఎవరైనా వచ్చారో, కాళ్ళు విరగ్గొడతాను!"

సాయంత్రానికి సూపరింటెండెంటమ్మ ఉత్తర్వు గోడకెక్కింది. బయటివాళ్ళెవరూ మంచాల పక్కన కూర్చోకూడదు. మిగతా రెండు ఆస్పత్రులూ మర్యాదగా కబురంపాయి: పెద్దాస్పత్రి ఏం తేలుస్తుందో చూసి చెబుతాం, అందాకా ఆపండి. మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో మొదటి వారం నాటి దృశ్యమే. వండిన అన్నం వండినట్టు ఉంది. ఎదురుగా ఆస్పత్రి నిండా ఆకలి ఉంది. మధ్యలో ఒక రోడ్డు.

మాస్టారు వచ్చి, ఇంక తను రానని, తన మొహం ఎవరికీ చూపించలేనని అన్నారు. కళ్ళొత్తుకున్నారు.

"ఏడుపు తర్వాత పెట్టుకుందాం మాస్టారూ" అంది లిఫ్టమ్మ. "ఇప్పుడు తీరికలేదు."

తీరికలేని మాట నిజమే. రోజూ పొద్దున సూపరింటెండెంటమ్మ ఎక్కేది ఈ లిఫ్టే. మరుసటి ఉదయం ఆవిడొక్కతే ఎక్కింది. కడుపు జబ్బులకీ ఎముకలకీ మధ్య లిఫ్టు ఠక్కున ఆగింది.

"ఏమైంది?"

"పాతదండీ. అప్పుడప్పుడు ఆగుతుంటుంది."

"నువ్వు చెయ్యి మీట మీదే పెట్టుకున్నావు."

"అందుకే పెట్టుకున్నానండీ, మళ్ళీ కదులుతుందేమోనని. ఈలోగా ఒక్కమాట."

సూపరింటెండెంటమ్మ చేతులు కట్టుకుంది. నవ్వు రాకుండా పెదవులు బిగించింది కూడా. "చెప్పు."

"మమ్మల్ని కూర్చోనివ్వండి."

"ఆపరేషన్‌కి ముందు నీళ్ళిచ్చారు. మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ మనిషి చచ్చిపోయేవాడు. అదృష్టం కొద్దీ అడిగారు, అదృష్టం కొద్దీ మీ మాస్టారు నిజం చెప్పాడు. రేపు ఇంకొకరు ఇంకేదో ఇస్తారు."

"ఇవ్వరు."

"ఎలా చెప్పగలవు?"

లిఫ్టమ్మ మీట నొక్కింది. లిఫ్టు మెల్లగా కదిలింది.

దిగబోతూ సూపరింటెండెంటమ్మ వెనక్కి తిరిగింది. వదిలించుకోవడానికే అందో, పాపమని అందో తెలియదు. "ఆ మేస్త్రీ భార్య మీవాళ్ళని మళ్ళీ ఆ మంచం పక్కన కూర్చోనిస్తే, అప్పుడు నా దగ్గరికి రా."

మేస్త్రీ భార్యకి క్షమాపణలు చెబితే వింటుందా? లిఫ్టమ్మ చెప్పింది. మాస్టారి చేత చెప్పించింది. "మీ మాస్టారు దయగల మనిషి, నేను కాదన్నానా? ఆ దయతోనేగా నా కొంప ముంచాడు" అందామె. దయగలవాళ్ళని ఇంకొందర్ని తెచ్చి చూపిస్తే ఏం లాభం? ఆమెకి భయమంతా దయంటేనే.

ఆ వారమంతా లిఫ్టమ్మ ఆమెను లిఫ్టులో చూస్తూనే ఉంది. పళ్ళెంతో ఎక్కుతుంది, గోడవైపు తిరుగుతుంది. మొగుడికి గంజిలాంటిదే పెడుతున్నారు కాబట్టి పళ్ళెంలో మిగిలేది కూడా ఏమీ లేదు. అయినా తిరుగుతుంది. భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డ సంచీ. ఎక్స్‌రేలు, మందులు, బట్టలు, ఉన్నదంతా అందులోనే. ఆ బరువుకి ఒకవైపు వంగిపోయి నడుస్తుంది. ఒకసారి తూలి కటకటాల తలుపు పట్టుకుంది. లిఫ్టమ్మ చెయ్యి అందించబోతే విదిలించుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర లిఫ్టమ్మ అన్నం కెలుకుతూ కూర్చుంది. మొగుడు ఆ రోజు బస్సులో జరిగిన గొడవ చెబుతున్నాడు. ఎవరో ముసలాయన ఫుట్‌బోర్డు మీద జారాడట.

"నువ్వేం చేశావు?"

"నేనేం చేస్తాను? నా రెండు చేతులూ స్టీరింగ్ మీదున్నాయి. కండక్టరు పట్టుకున్నాడు."

"పాపం అనిపించలేదా?"

"అనిపించింది. అనిపించిందని చేతులు వదిలేస్తే బస్సంతా బోల్తా పడుతుంది. నీకేమైంది, అలా చూస్తున్నావు?"

"ఏం లేదు. చాలాకాలానికి పనికొచ్చే మాటన్నావు" అంది లిఫ్టమ్మ, అన్నం కలుపుకుంటూ.

మేస్త్రీకి ఆపరేషన్ మళ్ళీ పెట్టారు. ఆ ఉదయం మంచానికి అదే అట్ట వేలాడింది. భార్య పొద్దుటి నుంచి స్టూలు మీద కదలకుండా కూర్చుంది, కాపలా కుక్కలా. ఎప్పుడు తిన్నదో ఆమెకే గుర్తులేదు. మొగుడు నీళ్ళడిగినప్పుడల్లా తనే మొహం తిప్పుకుంటోంది.

లిఫ్టమ్మ తన స్టూలు మీద తోటి ఉద్యోగిని కూర్చోబెట్టి పైకొచ్చింది. వెనకాల మాస్టారు.

"ఈయనా?" మేస్త్రీ భార్య లేచి నిలబడింది. లేచిన విసురుకే కళ్ళు తిరిగి మంచం పట్టె పట్టుకుంది.

"ఈయనే."

"నీకు బుద్ధుందా?"

"ఉంది కాబట్టే తెచ్చాను. ఈ భవనం మొత్తంలో మీ ఆయనకి ఇంకోసారి నీళ్ళివ్వడని నేను గట్టిగా చెప్పగలిగింది ఈయనొక్కడి గురించే. నా గురించి కూడా చెప్పలేను." లిఫ్టమ్మ చెయ్యి చాచింది. "ఆ సంచీ ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"మాస్టారి ఒళ్ళో పెడతాం. మీరొచ్చేదాకా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటారు. చేతులు సంచీ మీంచి లేవవు. మీ ఆయనకి దాహమేసినా లేవవు, దగ్గొచ్చినా లేవవు. ఏదైనా అవసరమొస్తే నోటితో నర్సుని పిలుస్తారు, అంతే. మీ సొత్తంతా అందులో ఉంది. రెండూ కాపలాయే, మీ మనిషీ మీ సంచీ."

"దయతలచి ఇచ్చేస్తే?"

"దయతలచడానికి చేతులు కావాలిగా."

మేస్త్రీ భార్య మాస్టారి వైపు చూసింది. ఆయన బతిమాలలేదు, ఒట్లు వెయ్యలేదు. స్టూలు మీద కూర్చుని ఒళ్ళు సిద్ధం చేసుకున్నారు. ఆమె సంచీ భుజం మీంచి తీసింది. దించలేదు. మళ్ళీ తీసింది. ఈసారి ఆయన ఒళ్ళో పెట్టి, పట్టీలు తీసుకుని ఆయన వేళ్ళకి తనే రెండు చుట్లు చుట్టింది, గేదెను కట్టేసినట్టు.

లిఫ్టులో ఆమె చేతులకి ఏం చెయ్యాలో తెలియలేదు. భుజం మాటిమాటికీ సవరించుకుంది. గోడవైపు తిరగడానికి పళ్ళెం లేదు. కటకటాల తలుపు ముందు నిలబడి, ఒక్కో అంతస్తూ పైకి పోతుంటే చూసింది.

తర్వాత వార్డులో జరిగింది పక్క మంచం అతను ఇప్పటికీ అభినయించి మరీ చెబుతాడు.

"మాస్టారూ, నీళ్ళు."

"ఇవ్వను."

"ఒక్క చుక్క. పెదాలు తడుపుకుంటాను."

"ఇవ్వను."

"అప్పుడిచ్చారుగా!"

"అందుకే ఇవ్వను."

మేస్త్రీకి కోపమొచ్చింది. మాస్టారిని, మాస్టారి బడిని, ఆయన దగ్గర చదివినవాళ్ళందర్నీ కలిపి తిట్టాడు. ఆ తిట్లలో కొన్ని మాస్టారు ఎన్నడూ విననివట. ఆయన వేళ్ళు సంచీ పట్టీల్లో ఎర్రబడ్డాయి. "నర్సమ్మా, ఈయనకి దాహంగా ఉంది, ఒకసారి రండి" అని పిలిచారు. నర్సు వచ్చి తడిగుడ్డతో పెదాలు అద్ది వెళ్ళింది. అంతకుమించి ఏమీ జరగలేదు. అసలు కావలసింది అదే.

కింద షెడ్డులో మేస్త్రీ భార్య మొదటి ముద్ద పెట్టుకుని లేవబోయింది. ఆడపడుచు భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. "ఎక్కడికి? మా వదిన ఈ పూట కోసం వారం నుంచీ నా ప్రాణం తీస్తోంది. పళ్ళెం ఖాళీ చెయ్యకుండా లేచావంటే ఆవిడ నన్ను తింటుంది." ఆమె తిన్నది. రెండోసారి పెట్టించుకుంది కూడా. చేతులు కడుక్కుని పైకొచ్చి, మాస్టారి వేళ్ళకి చుట్టిన పట్టీలు విప్పింది. ముందు మొగుడి మొహం చూసింది, తర్వాత మూలనున్న నీళ్ళ గ్లాసు చూసింది. బోర్లించింది బోర్లించినట్టే ఉంది.

"బాత్రూముకి వెళ్ళాలి" అంది మాస్టారితో. "ఇంకాసేపు ఉండండి." సంచీ మళ్ళీ ఆయన ఒళ్ళో పెట్టింది. ఈసారి పట్టీలు చుట్టలేదు.

మధ్యాహ్నానికి మేస్త్రీ ఆపరేషన్ అయిపోయింది.

మర్నాడు పొద్దున సూపరింటెండెంటమ్మ లిఫ్టెక్కింది. లిఫ్టు గుండెకాయల దాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళింది.

"ఇవాళ ఆగలేదే?"

"బాగుచేయించానండీ."

"ఆ మేస్త్రీ భార్య నా గదికి వచ్చింది. మీవాళ్ళని పంపకపోతే తను భోజనానికి ఎలా వెళ్ళాలని నన్నే తిట్టింది." తలుపు తీసుకుని దిగుతూ అంది, "ఉత్తర్వు తీయిస్తాను. సంచీ మాత్రం..."

"ఒళ్ళోనే ఉంటుందండీ."

ఇప్పుడు 'కాసేపు'లో సంచీ లేకుండా ఎవరూ మంచం పక్కన కూర్చోరు. సంచీ లేని తోడుమనిషి ఉంటే దుప్పటో, చెప్పుల జతో, చేతికందింది ఒళ్ళో పెట్టి వెళ్తారు. ఆగిపోయిన రెండు ఆస్పత్రులూ మళ్ళీ పిలిచాయి, వాటి వెనక ఇంకొన్ని వచ్చాయి. కొత్తగా సేవకి వచ్చినవాళ్ళకి పాఠాలేమీ ఉండవు. ఒక సంచీ ఒళ్ళో పెట్టి, మూలిగే మనిషి పక్కన కూర్చోబెడతారు. చేతులు నిలవనివాళ్ళని ఆడపడుచు దగ్గరికి ఉల్లిపాయలు తరగడానికి పంపుతారు. ఆమె దగ్గర దయగల చేతులకి కావలసినంత పని ఉంటుంది.

ట్రస్టు ప్రతినిధి కూడా తిరిగొచ్చాడు. కూర్చునేవాళ్ళని తగ్గిస్తే సాయం చేస్తామని అదే మాట. లిఫ్టమ్మ వాదించలేదు. ఎముకల వార్డుకి తీసుకెళ్ళి, తల్లికి తోడుగా ఉన్న ఒక కూతురి సంచీ ఆయన ఒళ్ళో పెట్టి, "మీరు కాసేపు కూర్చోండి, ఆ అమ్మాయి తినేసి వస్తుంది" అంది. కూర్చున్నాడు. కూర్చుని, ఇదంతా ఫోటో తీసి ఆఫీసుకి పంపుదామని ఫోను కోసం జేబు వైపు చెయ్యి కదిపాడట. మంచం మీదనుంచి ముసలావిడ గద్దించింది.

"నాయనా, ఆ చెయ్యి!"

ఆ అమ్మాయి వచ్చేదాకా ఆయన చెయ్యి మళ్ళీ కదలలేదు.